కంచంలో అన్నం, కాలికి నడక



మన ఎన్నూరుకు దక్షిణాన ఉన్న రాయపురంలో ఆచార్య ఎం. విశ్వనాథన్ 1954లోనే మధుమేహానికి ప్రత్యేక వైద్యశాలను స్థాపించారు. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చెన్నైలో జరిపి 2006లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, రెండవ రకం మధుమేహపు అంచున ఉన్నవారికి ఆహారనియమం, వ్యాయామం వలన వ్యాధి వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది.

అయినా మనం కాఫీలో చక్కెర మాని, అన్నం మాత్రం కొండంత పెట్టుకుంటాము. బియ్యంలో నూటికి సుమారు 78 పాళ్ళు పిండి పదార్థమే. అది అరిగి చక్కెరగానే మారుతుంది. “నేను రాగులే తింటున్నానండీ” అనేవారున్నారు. రాగులలో పీచు ఎక్కువే గాని, పిండి పదార్థం సుమారు 67 పాళ్ళున్నది! జావను చెంబుతో త్రాగితే ఫలమేమి? ధాన్యాన్ని మార్చడం కన్నా కొలతను తగ్గించడం ముఖ్యం. తక్కిన కంచాన్ని తోటకూర, వంకాయ, పప్పు, చేపల పులుసుతో నింపుకోవాలి. భోజనానంతరం నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను గ్రహిస్తాయి.

ఇది తెలిసిన ఉత్సాహంలో నేను వైద్యుని అడుగకుండానే అన్నం పూర్తిగా మానివేశాను. మాత్రలు మాత్రం పాత మోతాదులోనే వేసుకున్నాను. నాలుగవనాటి ఉదయం నడకలో చెమటలు పట్టి, చేతులు వణికి, కూలబడ్డాను. టీ కొట్టతను చక్కెర నీళ్ళు త్రాగించాడు. అన్నం తగ్గితే మాత్ర మోతాదూ తగ్గవలసి రావచ్చునని వైద్యుడు మందలించి, దానిని సగం చేశారు.

ఈ మధ్యాహ్నపు విందులో వడ్డించే మిత్రులు నా విస్తరి వద్ద అన్నపు గరిటెను ఒక్కసారే వంచవలసినదిగా ప్రార్థన.