శిశువు రాకకు గోడచిత్రము



ఇంట శిశువు జనించినంతనే తల్లిదండ్రుల నిద్రవేళలు మారును, మాటల తీరు మారును. ఆ సంతోషమును ఇంటి గోడపై చిత్రించుట మన దేశమున నేడు పుట్టిన వేడుక కాదు.

భవభూతి రచించిన ఉత్తరరామచరితము ప్రథమాంకమునకు చిత్రదర్శనమే ప్రాణము. సీత నిండుచూలాలు. తండ్రి జనకుడు మరలిపోయినందున ఖిన్నురాలై యుండగా, శ్రీరామచరిత్రమును తెలుపు చిత్రములను లక్ష్మణుడు ఆమెకు చూపును. కవలలు కనులు తెరువకమునుపే వారి తల్లిదండ్రుల కథ చిత్రరూపమున సిద్ధమై యున్నది. బాణభట్టు తన కాదంబరిలో విలాసవతి పురిటింటిని వర్ణించుచు, ద్వారమున పేడతో తీర్చిన రేఖలను, వానియందు పొదిగిన గవ్వలను, షష్ఠీదేవి రూపమును పేర్కొనెను. రాజగృహమున సైతము శిశువునకు తొలిస్వాగతము పలికినది పేడముద్దయే.

ఉత్తర హిందూస్థానమున తల్లులు అహోయీ అష్టమినాడు ఉపవసించి, గోడపై జేగురుతో అహోయీ మాతను, ముళ్లపందిని, దాని పిల్లలను చిత్రింతురు. మన లెక్క ప్రకారము అది ఆశ్వయుజ బహుళాష్టమి. దీని వెనుక నొక కథ కలదు. ఒక ఇల్లాలు ఇంటికి మట్టిపూత పూయ నెంచి నేలను త్రవ్వుచుండగా, ఆమె పనిముట్టు తగిలి ముళ్లపంది పిల్ల మరణించెను. తరువాత ఆమె బిడ్డలును ఒకరి వెంట నొకరు గతించిరి. ఆమె పశ్చాత్తప్తురాలై మాతను వేడుకొనగా బిడ్డలు తిరిగి దక్కిరి. తన బిడ్డకై గోడను అలంకరించువారు పరుల బిడ్డలను మరువరాదని దీని భావము.

ఈ వ్రతము పూర్వము కుమారుల క్షేమమునకే ఆచరింపబడెడిది. నేడు కుమార్తెల కొరకు ఆచరించువారును కలరు. ఇది మెచ్చదగిన మార్పు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము శిశుజననమును 21 దినములలో తెలుపవలెను. ఆ పుస్తకమున ఆడబిడ్డకును మగబిడ్డకును వరుస యొకటే. కొడుకు పుట్టిన ఇంటి గోడకు రంగులు, కూతురు పుట్టిన ఇంటి గోడకు వట్టి సున్నము అను భేదము ఊరివారి కంటబడరాదు. వీధిగోడ పదిమంది చదువు పుట.

ఇక పనితీరు. లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్దపు చిత్రములు నేటికిని కానవచ్చుచున్నవి. అవి పైకప్పున నుండుటచే ఎండవానల తాకిడి తప్పినది. కావున చూరు క్రింది గోడనే ఎన్నుకొనవలెను. పచ్చిసున్నపు పూతపై రంగు వేసినచో, సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి గట్టిపడుచు రంగును తనలో నిలుపుకొనును. జేగురు, పచ్చమట్టి, బొగ్గు దీనికి తగినవి. పసుపు పనికిరాదు. అది సున్నము సోకినంతనే ఎర్రబారి, పిదప ఎండకు వెలిసిపోవును.

అంగడి రంగులు కొనువారు సీసము విషయమున జాగరూకులై యుండవలెను. శిశువు చేతికందిన పెచ్చును నోట పెట్టుకొనును. సీసము మెదడు ఎదుగుదలకు హాని చేయును. ఇంటిరంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసము ఉండరాదను నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. పాత గోడలపై అంతకు పూర్వపు రంగు ఉండవచ్చును. దానిని పొడిగా గీకరాదు. ఆ పని జరుగునపుడు గర్భవతులును పసివారును ఆ చెంతనే ఉండరాదు.

చిత్రము ముగిసిన పిదప క్రిందిభాగమున మోకాలియెత్తు గోడను ఖాళీగా విడువుడు. నడక నేర్చిన బిడ్డ బొగ్గుముక్కతో అచట తన గీతలు తాను గీసికొనును. వానిని చెరిపి బిడ్డను మందలింపకుడు. గీతను ప్రేమించిన చేయి అక్షరమును ప్రేమించును. అక్షరమును ప్రేమించిన చేయి ఒకనాటికి గ్రంథాలయపు బీరువా తలుపు తెరచును. అట్టి గోడలును, అట్టి బిడ్డలును మన గ్రామమున వర్ధిల్లుదురు గాక!