ఉగాది వచ్చింది, నేల ఇంకా వేడెక్కలేదు

ఈ వారం మన పెరటి తోటల కబుర్లు చెప్పుకుందాం.

న్యూజెర్సీలో మనవాళ్ళు ఇప్పుడు ఫోన్ చేస్తే పిల్లల చదువుల కన్నా ముందు మొక్కల సంగతే అడుగుతున్నారు. ఒకరింట్లో గోంగూర మొలిచినట్టే మొలిచి, మొదలు కుళ్ళి పడిపోయిందట. ఇంకొకరింట్లో బెండగింజలు మట్టిలోనే మెత్తబడిపోయాయట. కిటికీ దగ్గర పెట్టిన టమాటా నారు సన్నగా, పొడుగ్గా సాగిపోయిందట.

ఇది హస్తవాసి లోపం కాదండీ. ఉగాది వెళ్ళింది కదా, మధ్యాహ్నం ఎండ కాస్తోంది కదా అని మనం తొందరపడతాం. మొక్కకి కావలసింది మట్టిలో వేడి, చలి లేని రాత్రి. బెండ, గోంగూర, బీర, ఆనప మొలవాలంటే మట్టి 65, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కాలి. రాత్రి చలి 50 డిగ్రీల కిందికి దిగకూడదు. మధ్య న్యూజెర్సీలో మామూలుగా మే రెండో సగం వస్తేగానీ ఆ వాతావరణం రాదు. పొద్దున్నే రెండంగుళాల లోతున థర్మామీటర్ గుచ్చి, నాలుగు రోజులు వరసగా చూడండి. సంగతి తెలిసిపోతుంది.

అలాగని ఏప్రిల్ వృథా కాదు. మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి చల్లదనంలోనే బాగా వస్తాయి. నెల తిరిగేసరికి మెంతికూర పప్పు తినొచ్చు. ఆనప, బీర గింజలు ఏప్రిల్ చివర్లో ఇంట్లోనే కాగితం కప్పుల్లో వేసుకోండి. ఆ తీగలు వేరు కదిలితే ఓర్చుకోవు, కాబట్టి కప్పు చింపి మట్టిగడ్డతో సహా నాటండి. నాటేముందు వారం, పది రోజులు రోజుకి కాసేపు బయట పెట్టి అలవాటు చేయండి. సాగిపోయిన టమాటా నారు పారేయకండి. కాండం లోతుగా పాతితే అక్కడ కొత్త వేళ్ళు వస్తాయి.

కరివేపాకు గురించి ఒక ముఖ్యమైన మాట. ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఉన్న బంధువుల ఇంటినుంచి మొక్క గానీ, రెమ్మలు గానీ తెచ్చుకోకండి. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో, 2012లో టెక్సాస్, కాలిఫోర్నియాల్లో కనిపించింది. అందుకే అక్కడినుంచి మొక్కలు తరలించడం మీద ఆంక్షలున్నాయి.

చివరగా, ఆరు నెలల కోసం వచ్చే మన అమ్మానాన్నల సంగతి. మనం ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళాక వాళ్ళకి మిగిలేది ఆ పెరడే. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి, వేసిన గింజ మొలవకపోతే "నా చెయ్యి ఈ దేశంలో పనికిరాదు" అని మౌనంగా కూర్చుంటాడు. అది గింజ గురించి అన్న మాట కాదండీ. ఆ థర్మామీటర్ ఆయన చేతికివ్వండి. ఏప్రిల్లో మెంతులు చల్లించండి, మేలో పందిరి వేయించండి. ఎప్పుడు నాటాలో ఆయన్నే చెప్పమనండి.

వచ్చేసారి ఆనప పిందెలు రాలిపోకుండా ఏంచేయాలో మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.