పెద్ద రొయ్య నీడలో

 

పోయిన నెల మేము తెలుక్ ఇంతాన్ వెళ్ళాం. అక్కడ హోటల్లో ఉడాంగ్ గలాహ్ కూర తెచ్చి పెట్టారు. నీలంగా, ఒంటికంటే పొడుగైన ముందరి కాళ్ళు పళ్ళెం దాటి వేలాడుతున్నాయి. మా పిల్లలు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం నెల్లూరు జిల్లాలో మా నాయన గుంట గుర్తుకొచ్చింది. మేము నీలకంఠ రొయ్య అనేది దీన్నే. దీని పిల్లలు బతకాలంటే కాస్త ఉప్పు కలిసిన నీళ్ళు కావాలని 1960ల తొలినాళ్ళలో కనిపెట్టింది ఇక్కడే, పెనాంగులో, షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త. పెంపకానికి దారి చూపింది అదే.

2002లో నాయన ఒక ఎకరంన్నరలో సీడు వేశాడు. నాలుగో నెలకి కొన్ని బ్రహ్మాండంగా పెరిగాయి. పెద్దవాటిని వలేసి తీసేద్దామన్నాడు పనిచేసే అబ్బాయి. "ఇంకా పెరగనీరా" అన్నాడు నాయన. ఇంకో రెండు నెలలు మేత పోశాడు. పట్టుబడి రోజు చూస్తే పెద్దవి గుప్పెడు, ఆడవి ఓ మోస్తరు, మిగిలిన మగవన్నీ వేలెడంత! సీడు తెచ్చిచ్చిన ఆయనతో పెద్ద తగాదా అయింది. నాసిరకం ఇచ్చి ముంచాడని నాయన నలుగురిలో అరిచాడు. ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు.

అసలు సంగతి నేను ఈమధ్యే చదివాను. ఈ జాతి మగవాటిలో మూడు రకాలున్నాయి. నీలికాళ్ళది దొర. చోటు దానిది, పొర విడిచి మెత్తబడ్డ ఆడదానికి కాపలా కూడా అదే. కానీ దాని పెరుగుదల దాదాపు ఆగిపోయి ఉంటుంది. రెండోది నారింజరంగు కాళ్ళది. ఆడదాని జోలికి పెద్దగా పోకుండా గబగబా పెరుగుతుంది. చుట్టుపక్కల ఉన్న నీలికాళ్ళ దొరని మించాకే తానూ నీలంగా మారుతుంది. మూడోది చిన్నది. దొర పోట్లాటలో ఉండగా సందు చూసుకుని ఆడదాన్ని చేరుతుంది. దొర ఉన్నంతకాలం ఇది ఎదగదు. దొరని తీసేస్తే ఇదే నారింజకాళ్ళదిగా మారి పెరగడం మొదలుపెడుతుంది!

అంటే సీడుది తప్పు కాదు. ఎంత మంచి సీడైనా మగవి ఇలాగే చీలిపోతాయి. పెరగడం ఆగిపోయినవాటికి మేత పోసి, పెరగాల్సినవాటిని మేమే అణిచి ఉంచాం. ఆ అబ్బాయి మాట వినుంటే నష్టం కొంతైనా తగ్గేది.

ఆదివారం నాయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు పలకలేదు. లైను పోయిందనుకున్నాను.

"అయితే ఆయనదేం తప్పులేదంటావు" అన్నాడు చివరికి.

"లేదు నాయనా."

"ఊళ్ళోనే ఉన్నాడు. పొద్దున్నే పోయి కనబడి వస్తాలే."

వెళ్ళాడు. ఇద్దరూ కాఫీ తాగారట. అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.