ఆటపెట్టెలు - ఆట యెఱుఁగనివారు



నేఁడు నేను ముచ్చటింపఁదలఁచిన విషయము మీలోఁ బలువురకు వింతగాఁ దోఁచవచ్చును. పిల్లలు టెలివిజనుకుఁ దగిలించి యాడుకొను వీడియో ఆటల పెట్టెలను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. పిల్లచేష్ట యని త్రోసివేయకుఁడు. ఇందలి వర్తకతంత్రము వృద్ధుల నాశ్రయించి నడచినది.

జపానుదేశమున క్యోటో నగరమందు 1889లో నింటెండో యను సంస్థ వెలసెను. మొదట వారు చేసినవి పూవుల బొమ్మలుగల హనఫుడా యను పేకముక్కలు. పిమ్మట వీడియో ఆటలలోఁ బ్రవేశించి ప్రఖ్యాతి గాంచిరి. కాని 2001లో వెలువరించిన గేమ్‌క్యూబు అను పెట్టె మొత్తముమీఁద 2 కోట్ల 17 లక్షలు మాత్రమే చెల్లెను. దాని ప్రత్యర్థి, సోనీవారి ప్లేస్టేషన్ 2, 15 కోట్లు దాటినది.

సోనీ, మైక్రోసాఫ్టు సంస్థలు యంత్రవేగమును, బొమ్మల స్పష్టతను బెంచుచుఁ బోయిరి. చేతఁబట్టు సాధనముపై మీటలును బెరిఁగినవి. సాధన గల యువకునకుఁ దప్ప నన్యులకు దానిని ముట్టుకొనుటకే జంకు. 2002లో నింటెండో యధ్యక్షుఁడైన సతోరు ఇవాటా స్వయముగా నాటల ప్రోగ్రాములు వ్రాసినవాఁడు. ఉన్న యాటగాండ్రకై పోరాడుటకంటె నాట యెఱుఁగనివారిని బిలుచుట మేలని యాయన నిశ్చయము.

2006 నవంబరులో వీ అను పెట్టె వచ్చెను. చేతిలోని రిమోటును వీచినచోఁ దెరమీఁది బొమ్మ టెన్నిసు బ్యాటును వీచును. అంతే, వేఱు పాఠ మక్కరలేదు. యంత్రశక్తిలోఁ బ్రత్యర్థులకు దిగువయే. కావుననే వెల తగ్గినది: అమెరికాలో 250 డాలర్లు. అదే నెలలో వచ్చిన ప్లేస్టేషన్ 3 వెల 500, 600 డాలర్లు. జపాను వెలుపల ననేక దేశములలోఁ బెట్టెతోడనే టెన్నిసు, బౌలింగు, గోల్ఫు మొదలగు నైదాటలు చేర్చి యిచ్చిరి. వృద్ధాశ్రమములలోఁ గుఱ్చీలఁ గూర్చున్నవారును బౌలింగు పందెములు వేసికొనిరి. కొందఱి యుత్సాహమునకు రిమోటు చేజాఱి పోవుటయుఁ గలదు. డిసెంబరులో సంస్థ వారు గట్టి చేతిత్రాళ్లు ఉచితముగా మార్చి యిచ్చిరి!

ఇది మనకుఁ గ్రొత్తయా? వైకుంఠపాళి కడ నవ్వయు మనుమరాలును సమానులు; చదరంగము కడ నట్లు గాదు. చదరంగ మెక్కువదని నేను నమ్ముదును, గాని యిల్లంతయుఁ గూడునది మొదటిదానియొద్దనే.

వీ 10 కోట్లకు మించి చెల్లెను. అయిన నైదు నిమిషముల వినోదమునకు వచ్చినవారు మఱొక పెట్టెకై యేల వేచియుందురు? 2008 నుండి చేతి ఫోనులలోనే చిన్నయాటలు స్వల్పమూల్యమునకు, ఊరకయు దొరకుచు వచ్చెను. 2012లో వచ్చిన వీ యు పేరు విని, పాతదానికిఁ దగిలించు పరికర మని పలువురు భ్రమించిరి. అది 1 కోటి 35 లక్షలకే నిలిచెను. వృద్ధులు కృతఘ్నులని యనుటకు లేదు. వారు పెట్టెను గోరలేదు, పదిమందితోఁ గూడి నవ్వుటను గోరిరి.

ఇవాటా 2015లోఁ గీర్తిశేషుఁడయ్యెను. 2017లో వచ్చిన స్విచ్చి అను పెట్టెను టెలివిజనుకుఁ దగిలింపవచ్చును, చేతఁబట్టుకొనియుఁ బోవచ్చును. దాని సాధనమును రెండుగా విడఁదీసి యిద్దఱు పంచుకొనవచ్చును. అది 15 కోట్లు దాటినది. 2022లో ఆ పాత బౌలింగును దానిలో మరలఁ బ్రవేశపెట్టిరి. చేతిత్రాడును మాత్రము మఱవలేదు.