ఓ సాయంత్రం గోండిలో అడిగిన మాట



నన్ను మనసు డాక్టరని పరిచయం చేశారు. ఇంకా పూర్తిగా కాలేదు. కరీంనగర్‌లో ఎండీ సైకియాట్రీ చదువుతున్నాను. మూడేండ్ల చదువులో ఇది రెండో ఏడు. మా గూడెంలో "పిచ్చి డాక్టరు" అంటారు. మా అవ్వ మాత్రం "సూది ఎప్పుడు వేస్తవు బిడ్డా?" అని ఇప్పటికీ అడుగుతది.

మా పనిలో సూది తక్కువ, వినడం ఎక్కువ. రక్తపరీక్షలు చేయిస్తాం, థైరాయిడ్ తేడా ఉన్నా మనిషి దిగులుగా కనిపిస్తాడు కాబట్టి. కానీ దిగులు జబ్బును పట్టే మిషన్ ఏదీ లేదు. నిద్ర పడుతుందా, తినబుద్ధవుతుందా, చచ్చిపోవాలనిపిస్తుందా అని అడిగే తెలుసుకోవాలి.

కరీంనగర్ ఓపీలో మొదటి నెల నేను తెలుగే మళ్లీ నేర్చుకున్నాను. "డిప్రెషన్" అంటూ ఎవరూ రారు. "నెత్తి బరువుంటాంది", "గుండెల గాబరైతాంది", "గాలి సోకింది సారూ" అంటారు. దుకాణం కల్లు మానేసిన రెండు మూడు రోజులకే వణుకుతో, ఫిట్స్‌తో, లేనివి కనపడుతున్నాయంటూ కొందరొస్తారు. ఇంట్లోవాళ్లు దయ్యం అనుకుంటారు. అది కల్తీ కల్లులో కలిపిన ఆల్ప్రజోలం, డైజిపాం ఒక్కసారిగా ఆగినందువల్ల. ఇట్లాంటివాళ్లను ఆస్పత్రికి తీసుకురండి, మెల్లగా మాన్పిస్తాం.

రెండో ఏడులో జిల్లా పోస్టింగు మూడు నెలలు. నాకు మన ఆదిలాబాద్ వైపే పడింది. అక్కడి వార్డులో ఒక పెద్దావిడ, పత్తికి కొట్టే మందు తాగి బతికింది. మొదట ఇంట్లోవాళ్లు కడుపునొప్పి అన్నారట, పోలీసు కేసవుతుందని భయపడి. తమ్ముళ్లూ, ఇది గుర్తుంచుకోండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష ఉండదు. దాచొద్దు. మందు డబ్బా కూడా వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తేనే సరైన చికిత్స.

కేసు షీటులో "మాట్లాడడం లేదు, సహకరించడం లేదు" అని ఉంది. నేను కూడా తెలుగులో రెండుసార్లు అడిగాను. ఆమె గోడవైపు తిరిగింది.

నేను గోండును. ఆమె చేతిమీది పచ్చబొట్లు చూసి, ఆమె గోండు అని నాకు తెలుసు. అయినా గోండిలో అడగలేదు. హాస్టళ్లలో పదేండ్లు మన మాటను దాచుకున్నవాణ్ణి. ఇంటి నుంచి ఫోనొస్తే వరండా చివరికి పోయి మెల్లగా మాట్లాడేవాణ్ణి. ఆ మధ్యాహ్నం మంచం చుట్టూ విద్యార్థులు, నర్సులు ఉన్నారు. అందరూ పోయాక సాయంత్రం ఒక్కణ్ణే వచ్చి, "తిన్నావా" అని గోండిలో అడిగాను. గంటసేపు మాట్లాడింది. నా సిగ్గుకు ఆమె నాలుగు గంటలు గోడను చూస్తూ పడుకుంది.

పోయిన కొడుకు రాత్రిళ్లు వచ్చి పిలుస్తాడని చెప్పింది. ఇదే మాట తెలుగులో ఒక్క ముక్కగా రాస్తే "చెవిలో గొంతులు" అవుతుంది, వేరే మాత్రలు మొదలవుతాయి. పోయినవాళ్లు మనతోనే ఉంటారని మన పెద్దలు నమ్ముతారు. కొడుకు రావడం ఆమెకు భయం కాదు, ఓదార్పు. జబ్బు ఇంకోచోట ఉంది. నెలరోజులుగా నిద్ర లేదు, తిండి లేదు, వాడి చావుకు తానే కారణమన్న నమ్మకం. అదంతా మా సీనియర్‌కు చెప్పాను. దిగులు జబ్బుకు చికిత్స మొదలుపెట్టాం.

దేవారి కట్టిన దారం తీసెయ్యాలా అని ఆమె కోడలు అడిగింది. ఉండనియ్యమన్నాను. దారమూ ఉండనీ, మాత్రా ఉండనీ. కాకపోతే మాత్ర పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా మందు డబ్బాలు ఇంట్లో పెట్టొద్దన్నాను.

రెండుసార్లు చూపించుకోవడానికి వచ్చింది. మూడోసారి రాలేదు. గూడెం నుంచి రోడ్డుదాకా నడక, ఆపైన బస్సు, ఒకరోజు కూలి పోతుంది. ఆశా అక్కతో కబురు పంపితే, మాత్రలు అయిపోయి పదిరోజులైందని తెలిసింది. టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు. అది ఆమె మనవడికి ఇచ్చాను. ఇంటర్ చదువుతున్నాడు. "నేను తీస్కొస్త అన్నా, నువ్వుంటవు కదా?" అన్నాడు. ఉంటానని చెప్పాను. నా పోస్టింగు ఇంకా పదకొండు రోజులుంది.