నాలుగవ వర్గము



తిరుపతి నుండి పుత్తూరు మీదుగా చెన్నపట్టణమునకు పోవు మార్గమున నున్న ఈ వడమాలపేట చుట్టుపట్ల గ్రామములలో, బిడ్డలు ఉద్యోగార్థము చెన్నైకో బెంగుళూరుకో తరలిపోగా, వృద్ధులకు ఒక్క కోడలో కూతురో మాత్రమే తోడుగా మిగిలిన యిండ్లు గలవు. అట్టి యింట అల్జీమర్స్ వ్యాధి పాలైన అవ్వ పొద్దుగూకు వేళ పుట్టింటికి పోయెదనని పట్టుపట్టి, అడ్డగించిన కోడలిని కొట్టి, తన నగలు దొంగిలించినదని కేకలు వేయుచుండగా, నిద్రలేమిచే కృశించిన ఆ కోడలు వైద్యులైన మీ యెదుటకు వచ్చి, "సార్, మా అత్తకి నిద్దర పట్టేదానికి ఏదన్నా మాత్ర రాసియ్యండి" అని వేడుకొనును. ఏ మాత్ర వ్రాయుదురు?

2006లో ప్రకటితమైన అమెరికా పరిశోధన యొకటి, ఇట్టి 421 మంది రోగులకు ఓలాంజపిన్, క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఔషధాంశము లేని ఉత్తుత్తి మాత్ర, ఈ నాలుగింటిలో నొకదాని నిచ్చి, 36 వారముల వరకు పరిశీలించినది. ఓలాంజపిన్, రిస్పెరిడోన్‌లు ఉద్రేకమును కొంత యణచిన మాట నిజమే. కాని దుష్ఫలితములచే మందు మానినవారు ఓలాంజపిన్ వర్గమున నూటికి 24, రిస్పెరిడోన్ వర్గమున 18, క్వెటియాపిన్ వర్గమున 16 మంది కాగా, ఉత్తుత్తి మాత్ర వర్గమున 5 మందియే యగుటచే, మొత్తముమీద ఏ వర్గమువారు ఎంతకాలము చికిత్స కొనసాగించిరన్న విషయమున గణనీయమైన భేదము కానరాలేదు. మూడు మందులలో నేది మేలని తర్కించుచు ఈ నాలుగవ వర్గమును విస్మరించుట నాకు మిక్కిలి ఖేదకరము. అంతకు ముందే, 2005లో, ఇట్టి మందులపై జరిగిన 17 ప్రయోగముల ఫలితములు చూచి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్రమైన హెచ్చరిక చేసినది: సుమారు పది వారముల వ్యవధిలో ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో నూటికి 2.6 మంది మరణింపగా, మందు పుచ్చుకొన్నవారిలో 4.5 మంది మరణించిరి. 2008లో ఆ హెచ్చరిక హాలోపెరిడాల్ వంటి పాతమందులకును విస్తరించినది.

కావున మందుల చీటీ చేతబట్టుటకు ముందు ఆ అవ్వ దేహమును పరీక్షింపుడు. మోకాళ్లనొప్పియో, మలబద్ధకమో, మూత్రమార్గమున సోకిన వ్యాధియో, పుచ్చిన పన్నో, చెప్పుకొన నేరని బాధయై కోపరూపమున వెలువడుచుండవచ్చును. చెవి వినబడక, చూపు మసకబారి, దీపము లేని గదిలో మనుష్యుని నీడను చూచి భయపడుచుండవచ్చును. ఇవి యెల్ల సరిదిద్దినను, తనకో పరులకో హాని చేయునంతటి ఉద్రేకము మిగిలినయెడల, మందు నీయక తప్పదు. అప్పుడు అత్యల్పమాత్రతో నారంభించి, కాళ్లుచేతులు బిగుసుకొనుట, తూలిపడుట, అతినిద్ర వీనిని కనిపెట్టుచుండుడు. గుణము కానరానిచో నాలుగు వారములకే క్రమముగా తగ్గించి మానిపింపుడు. గుణము కనిపించినను, మానిపించి చూడవలసిన తేదీని చీటీపైననే వ్రాసి, అది యేల వ్రాసితిరో ఆ కోడలికి ఆమె మాటలలోనే విశదపరుపుడు.