కొలవని కొలతకు సంతకం వద్దు
(ఖరగ్‌పూర్ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠము)



యూనియన్ తరగతిలో కామ్‌షాఫ్టు టైమింగు ప్రసంగమేమిటని కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. ఉద్యోగాల కోతకు వ్యతిరేకముగా 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మె చేసిన ఊరు ఇది. పనిని గురించిన జ్ఞానము, హక్కును గురించిన జ్ఞానము వేరువేరు కావని ఇక్కడ గాక మరెక్కడ చెప్పుకొందుము?

మనలో అనేకులు చేతులు నల్లచేసుకొన్న డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజనునే తీసుకొనుడు. 1962లో అమెరికా నుండి వచ్చి, 1964 నుండి వారణాసిలో తయారైనది. 16 సిలిండర్లు, 2600 అశ్వశక్తి. సిలిండర్లు రెండు వరుసలు, వరుసకొక కామ్‌షాఫ్టు. క్రాంక్‌షాఫ్టు నిమిషమునకు 1000 చుట్లు తిరిగినపుడు కామ్‌షాఫ్టు 500 చుట్లు తిరుగును. గాలి వాల్వును, పొగ వాల్వును తెరచునదియు, ఇంధనపు పంపును నొక్కునదియు అదే. అది తప్పినచో మూడును తప్పును.

తనిఖీ పద్ధతి ఏ ఫోర్‌స్ట్రోకు ఇంజనుకైనను ఇంచుమించు ఒకటే. ముందుగా వాల్వు సందు సరిచేయవలెను. సందు తప్పైనచో తరువాతి కొలతలన్నియు తప్పే. పిమ్మట మొదటి సిలిండరు పిస్టనును పైకొసకు తేవలెను. ఒక ఆవృత్తిలో పిస్టను పైకొసకు రెండుమార్లు వచ్చును. రెండు వాల్వులును మూసియుండి, పుష్‌రాడ్లు వదులుగా నున్నదే మనకు కావలసినది. వాల్వుపై డయల్ గేజి నిలిపి, ఇంజను తిరుగు దిశలోనే మెల్లగా త్రిప్పుచు, వాల్వు ఏ డిగ్రీ వద్ద కదలునో చూడవలెను. గుర్తు దాటిపోయినచో బాగా వెనుకకు పోయి మరల రావలెను. లేనిచో గేరు పళ్ళ మధ్య నున్న వదులు మనలను మోసగించును. గేరుకు 60 పళ్ళున్నవనుకొందము. ఒక్క పన్ను జరిగినచో కామ్‌షాఫ్టు 6 డిగ్రీలు, క్రాంక్‌షాఫ్టు లెక్కలో 12 డిగ్రీలు తేడా వచ్చును. సరిచేసి బిగించిన పిదప క్రాంక్‌షాఫ్టును రెండు పూర్తి చుట్లు త్రిప్పి తిరిగి కొలవవలెను.

దీనికి సమయము కావలెను. కలహమంతయు అక్కడనే ఉన్నది. చాలా ఏండ్ల క్రిందట ఒక షెడ్డులో, బండి వేళ మించుచున్నదని తొందరపెట్టి, కొలవకుండగనే ఫిట్టరుచే రిజిస్టరులో సంతకము చేయించిరి. దారిలో వాల్వు పిస్టనుకు తగిలి ఇంజను ఆగిపోయినది. చార్జిషీటు వచ్చినది ఫిట్టరుకు, తొందరపెట్టినవారికి కాదు. విచారణలో నేను అతని పక్షమున నిలిచితిని. ఆ దినమున డయల్ గేజి మరమ్మతుకు పోయియున్నదని స్టోర్సు పుస్తకమే చూపితిమి. శిక్ష తగ్గినదే గాని పోలేదు. ఒక ఇంక్రిమెంటు ఆగినది. ఏలయనగా సంతకము అతనిది. నేటికిని నన్ను బాధించు ఓటమి అది.

తపాలా సోదరులారా, ఇది మీకును వర్తించును. సీలు చూడకుండ సంచికి సంతకము చేసిన ఆర్.ఎం.ఎస్. సార్టరు గతి ఇంతకంటె వేరు కాదు.

కనుక మన కోర్కెలు మూడు: తనిఖీకి తగిన సమయము, పనిచేయు పరికరము, తనిఖీ లేకుండ బండి పంపదలచినచో పంపువారి వ్రాతపూర్వకమైన ఆజ్ఞ. ఇవి ఇచ్చువరకు కొలవని కొలతకు మన సంతకము ఉండరాదు. ఒంటరి ఫిట్టరు ఈ మాట అనలేడు. అతని వెనుక నిలిచి అనిపించుటకే యూనియన్ ఉన్నది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!